దయా? హక్కా? – స్వీడన్‌లో కాందిశీక యువకుల అనుభవం

1939 ఫిబ్రవరి 17న స్వీడన్‌లోని ఉప్సాల నగరంలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక సభ చేశారు. నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చే యూదు వైద్యులలో ఒక పదిమందిని దేశంలోకి రానిచ్చి, వైద్యవృత్తి చేసుకోనివ్వాలా అన్నది ఆనాటి చర్చ. ఓట్లు లెక్కిస్తే రానివ్వరాదనే తీర్మానానికి 548, దానికి ఎదురుగా 349 వచ్చాయి. పదిమంది వైద్యులు! ఆ పదిమంది వెనుక ఏ ప్రమాదం తరుముకొస్తున్నదో తెలియని అమాయకులు కారు ఆ విద్యార్థులు. ఆ సభ వెనుక నాజీ అభిమానులు ఉన్నమాట నిజమే. కాని ఆ 548 మందీ నాజీలు కారు. రేపు పట్టా చేతికి వచ్చాక మా ఉద్యోగాల మాటేమిటనే భయం వారిలో చాలామందిని అటువైపు లాగింది. చదువుకున్న మధ్యతరగతి తన కూటి భయాన్ని దేశభక్తి అనే పేరుతో ప్రకటించుకోవడం చరిత్రలో అది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు.

ఆ సభ జరిగిన 78 ఏళ్ళకు, 2017 ఆగస్టులో, అదే దేశపు రాజధానిలో వందలాది ఆఫ్ఘన్ యువకులు తమను తిరిగి యుద్ధభూమికి పంపవద్దంటూ పార్లమెంటు పక్కన బైఠాయించారు. వారికి అన్నం వండిపెట్టినవారిలో, రాత్రిళ్ళు కాపలా కూర్చున్నవారిలో స్వీడిష్ విద్యార్థులు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి, స్వీడిష్ ప్రజల మనసు మెత్తబడిందని తేల్చేసేవారు ఉన్నారు. అలా తేల్చడం సులువు. కాని చరిత్ర అంత సులువైన మాట చెప్పడం లేదు. ఈ మధ్యకాలంలో ఆ దేశపు ప్రజాసంఘాలు కాందిశీకుల పక్షాన ఎన్నో సాధించాయి. ఐతే సాధించినదంతా మినహాయింపుగానే చేతికి వచ్చింది, హక్కుగా రాలేదు. ఎందుకని? ఆ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంచెం వెనక్కు వెళ్దాం. 1938లో జర్మన్ యూదుల పాస్‌పోర్టులమీద ఎర్రని ‘జె’ అక్షరం ముద్రించే పద్ధతి వచ్చింది. యూదులను సరిహద్దులోనే గుర్తించి ఆపాలని స్విట్జర్లాండ్, స్వీడన్ ప్రభుత్వాలు తెచ్చిన ఒత్తిడికి అందులో పాత్ర ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్వీడన్ సుమారు 500 మంది యూదు పిల్లలను రానిచ్చింది. పిల్లలు రావచ్చు, తల్లిదండ్రులు రాకూడదు! ఆ పిల్లల్లో చాలామంది తమ తల్లిదండ్రులను మళ్ళీ చూడలేదు. దయకు ఒక సంఖ్య, ఒక వయసు, ఒక షరతు పెట్టే పద్ధతి ఇవాళ్టిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. తరువాత 1943 అక్టోబరులో డెన్మార్క్ నుంచి 7,000కు పైగా యూదులు చేపల పడవల్లో జలసంధి దాటి వస్తే స్వీడన్ తలుపులు పూర్తిగా తెరిచింది. అప్పటికి యుద్ధగమనం మారింది. వచ్చినవారు పొరుగువారు కూడా. ఆ ఘనతను తక్కువ చేయనక్కరలేదు. కాని 1939ని మరిచిపోయి 1943ని మాత్రమే జ్ఞాపకం ఉంచుకునే దేశం తనను తాను మోసగించుకుంటుంది.

యుద్ధానంతరం స్వీడన్ కర్మాగారాలకు చేతులు కావలసివచ్చాయి. ఫిన్లాండ్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీస్, టర్కీ దేశాల శ్రామికులు వచ్చారు. 1973లో చిలీలో సైనిక కుట్ర జరిగినప్పుడు అక్కడి స్వీడిష్ రాయబారి హెరాల్డ్ ఎడెల్‌స్టాం ఎందరో వామపక్షీయుల ప్రాణాలు కాపాడారు. వేలాదిమంది చిలీ దేశస్థులు స్వీడన్‌లో తలదాచుకున్నారు. ఐతే 1989 డిసెంబరులో ప్రభుత్వం ఆశ్రయపు నిబంధనలను ఒక్కసారిగా బిగించింది. అప్పటినుంచే కాందిశీకులను ఇళ్ళలో, చర్చిల్లో దాచే పని విస్తరించింది. ఉప్సాల దగ్గరి ఆల్సికె అనే చోట సన్యాసినుల మఠం ఒకటి ఈ పనికి పేరుపడింది. 1993లో పోలీసులు ఆ మఠంమీద దాడిచేసి, పిల్లలతో సహా అక్కడున్న కాందిశీకులను పట్టుకుపోయారు. మఠంమీద పోలీసులు పడడమా అని దేశమంతా విస్తుపోయింది. సన్యాసినులు మాత్రం దాచడం మానలేదు.

2005 నాటికి మరో విచిత్రం జరిగింది. బహిష్కరణ ఉత్తర్వుకోసం ఏళ్ళతరబడి భయంతో ఎదురుచూసిన కుటుంబాలలో వందలాది పిల్లలు మాటా పలుకూ లేకుండా, తిండీ కదలికా లేకుండా మంచాన పడ్డారు. వారికి గొట్టాల ద్వారా ఆహారం ఎక్కించవలసివచ్చింది. ఇది నటన అన్నారు కొందరు. తల్లిదండ్రులే పిల్లలకు విషం పెడుతున్నారని కూడా ప్రచారం చేశారు. ఆ ఆరోపణకు ఆధారం దొరకలేదు. ఆ వసంతంలో చర్చిలు కలిసికట్టుగా ‘ఈస్టర్ విజ్ఞప్తి’ పేరిట సంతకాల ఉద్యమం నడిపాయి. 1,57,000 మందికి పైగా సంతకాలు చేశారు. పార్లమెంటు దిగివచ్చి ఒక తాత్కాలిక చట్టం చేసింది. అది 2005 నవంబరు 15 నుంచి 2006 మార్చి 31 వరకు అమలులో ఉన్నది. ఆ నాలుగున్నర నెలల్లో సుమారు 17,000 మందికి నివాసానుమతి దొరికింది. ఇది నిస్సందేహంగా విజయమే. కాని ఆ చట్టానికి ‘తాత్కాలికం’ అని పేరు పెట్టిన సంగతి పాఠకులు గమనించాలి. మార్చి 31న తలుపు మళ్ళీ మూసుకున్నది.

ఇక 2015కు వద్దాం. ఆ ఒక్క సంవత్సరంలో స్వీడన్‌లో ఆశ్రయం కోరినవారు 1,62,877 మంది. దేశ జనాభా కోటికి కాస్త తక్కువ. వచ్చినవారిలో 35,369 మంది పెద్దల తోడు లేకుండా వచ్చిన పిల్లలు. ఈ పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది ఆఫ్ఘన్లు, దాదాపు అందరూ మగపిల్లలు. వారిలో అనేకులు హజారా తెగవారు. ఆఫ్ఘనిస్తాన్‌లో మతరీత్యానూ జాతిరీత్యానూ అణగదొక్కబడిన ప్రజలు వీరు. చాలామంది పిల్లలు ఆఫ్ఘనిస్తాన్‌ను చూసి ఎరగరు. ఇరాన్‌లో కాగితాలు లేని కాందిశీకుల కడుపున పుట్టి, బడికి దూరమై, కట్టడపు పనుల్లో, కుట్టు కార్ఖానాల్లో కూలికి పెరిగారు. సిరియా యుద్ధానికి సైనికులుగా పొమ్మనే ఒత్తిడి కూడా ఇరాన్‌లోని ఆఫ్ఘన్ యువకులమీద ఉండేది. అక్కడి నుంచి టర్కీ, గ్రీస్ మీదుగా నడిచీ పడవలెక్కీ యూరప్ ఉత్తరపు కొసకు చేరుకున్నారు.

స్వీడిష్ విధానం ప్రకారం తోడులేని పిల్లవాడికి ఒక సంరక్షకుణ్ణి నియమిస్తారు. వసతి, బడి పురపాలక సంఘం చూసుకోవాలి. ఆ విధంగా దేశంలో ప్రతి మూలా, అడవుల మధ్య ఉన్న చిన్న పట్నాల్లో సైతం ఈ పిల్లలు బడిబల్లల మీదికి చేరారు. ఉపాధ్యాయురాలు వారికి భాష నేర్పింది. పదవీవిరమణ చేసిన గుమాస్తా ఒకడు సంరక్షకుడయ్యాడు. ఫుట్‌బాల్ జట్టుకు కొత్త ఆటగాళ్ళు దొరికారు. ఇది ఏ ఉద్యమమూ కాదు, మామూలు జీవితం. కాని తరువాత వచ్చిన ఉద్యమానికి పునాది ఇక్కడే పడింది. పత్రికల్లో ‘కాందిశీకుల వెల్లువ’గా కనిపించిన 35,369 అనే అంకె, తరగతి గదిలో ఒక పేరుగా, ఒక ముఖంగా, లెక్కల్లో చురుకైన ఒక కుర్రవాడుగా మారింది.

2015 నవంబరు 24న ప్రధాని స్టెఫాన్ లోవెన్ విధానం మార్పును ప్రకటించాడు. పక్కన నిలబడిన ఉపప్రధాని ఓసా రోంసోన్ కన్నీరు పెట్టుకున్నది. కన్నీరు పెట్టుకున్నా ఆమె పార్టీ ప్రభుత్వం నుంచి తప్పుకోలేదు. 2016 జూలై 20 నుంచి అమలైన తాత్కాలిక చట్టం శాశ్వత నివాసానుమతి స్థానే స్వల్పకాలపు అనుమతులను తెచ్చింది. 2016 అక్టోబరులో యూరోపియన్ యూనియన్, దాని వెంట స్వీడన్, ఆఫ్ఘన్ ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నాయి. తిప్పిపంపినవారిని ఆ ప్రభుత్వం స్వీకరించాలి. సహాయధనంమీద బతికే ప్రభుత్వం, సహాయధనం ఇచ్చే దేశాలతో చేసుకున్న ఒప్పందంలో స్వేచ్ఛ ఎంతో మనం ఊహించుకోవచ్చు.

ఇక్కడ వయసు అనే యంత్రం ఎట్లా పనిచేసిందో అర్థం చేసుకోవాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లవాణ్ణి, స్వదేశంలో అతణ్ణి చూసుకునే ఏర్పాటు ఉంటేనే తిప్పిపంపవచ్చు. ఆఫ్ఘనిస్తాన్‌లో అటువంటి ఏర్పాటు చాలామందికి లేదు. పద్దెనిమిది నిండితే ఆ అడ్డంకి తొలగిపోతుంది. కాబూల్ వంటి పెద్ద నగరంలో వయోజనుడు ఎలాగో బతకగలడని వలస వ్యవహారాల శాఖ వాదన. దరఖాస్తుల రాశి పెరిగి విచారణకు ఏడాది, రెండేళ్ళు పట్టింది. పదహారేళ్ళకు వచ్చినవాడు పద్దెనిమిదేళ్ళవాడయ్యాడు. అతని కథ మారలేదు, అతను పారిపోయి వచ్చిన దేశమూ మారలేదు. ఆలస్యం చేసినది శాఖ. శిక్ష పడినది పిల్లవాడికి. మరికొందరికి పిల్లలుగా ఉండగానే ఉత్తర్వు ఇచ్చి, అమలును పద్దెనిమిదో పుట్టినరోజు దాకా వాయిదా వేశారు. పుట్టినరోజు అంటే భయపడే పిల్లలు తయారయ్యారు.

వయసు కాగితాలు లేనివారికి 2017 నుంచి న్యాయవైద్య సంస్థ దంతాల ఎక్స్‌రే తీసి, మోకాలి ఎముక చిత్రాలు తీసి వయసు నిర్ణయించసాగింది. ఎముక చివర పెరుగుదల ఆగిపోయిందా లేదా అన్నదానిమీద ఒక కుర్రవాడి జీవితం ఆధారపడింది. ఈ పద్ధతిలో తప్పు పడే అవకాశం ఎక్కువని వైద్యులూ శాస్త్రజ్ఞులూ బహిరంగంగానే విమర్శించారు. కాగితంమీద పద్దెనిమిది పడగానే వసతిగృహంలో చోటు పోతుంది, సంరక్షకుడు పోతాడు; ఎక్కడో దూరాన పెద్దల శిబిరానికి పొమ్మంటారు. దానితో బడి పోతుంది. ఆ నిరాశలో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోడులేని కాందిశీక పిల్లల్లోనూ యువకుల్లోనూ 2017లో జరిగిన ఆత్మహత్యలు 12 అని కారోలిన్స్కా వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. స్వీడన్‌లో అదే వయసువారితో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ స్థితిలో ప్రజలు ఏం చేశారు? 2016 శరత్కాలంలో ఈ పిల్లలతో పనిచేసే ఉపాధ్యాయులు, సంరక్షకులు, వసతిగృహాల సిబ్బంది, నర్సులు, సాంఘిక సేవకులు ఒక వేదికగా ఏర్పడ్డారు. దాని పేరుకు ‘మేమిక ఓర్వలేం, ఐనా పోరాటం మానం’ అని అర్థం. ఆ పేరులోనే ఉద్యమ స్వభావం ఉన్నది. వీరు సిద్ధాంతం చదివి వచ్చినవారు కారు. తమ చేతులతో చేయిస్తున్న పని అన్యాయమని చేస్తూ చేస్తూ గ్రహించినవారు. చట్టాన్ని అమలుచేసే యంత్రంలోని చిన్న ఉద్యోగులే, ఇది తప్పు అని సాక్ష్యం చెప్పడానికి ముందుకు వచ్చారు. మరోవంక వసతి పోగొట్టుకున్న యువకులకు వేలాది కుటుంబాలు తమ ఇళ్ళలో చోటిచ్చాయి. అప్పీళ్ళు రాయించడం, న్యాయవాదికి డబ్బు పోగుచేయడం, రైలు ఛార్జీ ఇవ్వడం, రాత్రి ఒంటిగంటకు ఫోన్ మోగితే లేచి మాట్లాడడం – ఈ పనులు చేసినవారిలో పెద్దవయసు స్త్రీలు చాలామంది. రెడ్‌క్రాస్, రాడా బార్నెన్ అనే శిశురక్షణ సంస్థ, చర్చి సంఘాలు అండగా నిలిచాయి.

ఇదంతా ఉదారవాదుల పుణ్యకార్యమే కదా, గాయానికి కట్టు కట్టడమే కాని గాయపరిచే చేతిని పట్టుకోవడం కాదు కదా అని మనలో కొందరు అనవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత నిజం ఉంది. ప్రభుత్వం వీధిలోకి నెట్టినవారిని పౌరులు ఇళ్ళలో పెట్టుకుంటే ప్రభుత్వం బాధ్యత తప్పుతుంది, ఖర్చూ తప్పుతుంది. కాని ఆ వాదాన్ని చివరిదాకా లాగితే తప్పుడు నిర్ణయానికి చేరతాం. తలదాచుకునే చోటు లేనివాడు సభకు రాలేడు, బడిలో నిలవలేడు, కోర్టులో పోరాడలేడు. ఆ ఇళ్ళే లేకపోతే తరువాతి పోరాటానికి మనుషులే మిగిలేవారు కారు. వాస్తవంలో చాలామంది దేశం విడిచి పోయారు కూడా. స్వీడిష్ భాష చక్కగా మాట్లాడే ఆఫ్ఘన్ యువకులు పారిస్ నగరంలో వంతెనల కింద పడుకునేవారు. వారికోసం స్వీడన్ నుంచి స్వచ్ఛంద సేవకులు అక్కడికీ పోయారు.

ఐనా అసలు మలుపు సేవవల్ల రాలేదు, ఆ యువకులు తామే గొంతెత్తినందువల్ల వచ్చింది. ఒంటరిగా వచ్చిన పిల్లలు తమ సంఘం తామే పెట్టుకోవడం 2013లోనే మాల్మో నగరంలో మొదలైంది. 2017 ఆగస్టు 6న ‘స్వీడన్‌లో యువత’ అనే అర్థం వచ్చే పేరుతో ఆఫ్ఘన్ యువకులు పార్లమెంటు పక్కనున్న మింట్‌తొరియెట్ చౌకులో బైఠాయించారు. వారి కోరిక ఒకటే: ఆఫ్ఘనిస్తాన్‌కు బహిష్కరణలు ఆపాలి. ఆ ఏడాది మే 31నే కాబూల్‌లో ఒక్క బాంబు పేలుడులో 150 మందికి పైగా చనిపోయారు. ఆ యువకుల ముఖ్య ప్రతినిధిగా మాట్లాడినది ఫాతెమె ఖావరీ అనే ఆఫ్ఘన్ యువతి. జాతివాదులు వారిమీద దాడిచేశారు. పోలీసులు బైఠాయింపును అక్కడి నుంచి మెద్‌బొర్యార్‌ప్లాట్సెన్ చౌకుకు మార్పించారు. అది తరువాత నొర్రా బాంతొరియెట్ చౌకుకూ చేరింది. ఈ చివరి చౌకు స్వీడిష్ కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధమైనది. కార్మిక సంఘాల సమాఖ్య భవనం అక్కడే ఉన్నది, మేడే సభలు అక్కడ జరిగేవి. సోషల్ డెమోక్రాట్ ప్రభుత్వం పంపివేయదలచిన కుర్రవాళ్ళు సోషల్ డెమోక్రాట్ల చరిత్ర పుట్టిన చోటే కూర్చుని న్యాయం అడిగారు. సుమారు రెండు నెలలు రాత్రింబవళ్ళు సాగిన ఆ బైఠాయింపు ఇతర పట్టణాలకూ పాకింది.

అంతవరకు వారిని గురించి ఇతరులు మాట్లాడేవారు. ‘పాపం, పిల్లలు’ అని ఒకరు, ‘పిల్లలు కారు, గడ్డాలవాళ్ళు’ అని మరొకరు. రెండు మాటల్లోనూ ఆ యువకుడు ఒక వస్తువే. చౌకులో మైకు పట్టుకున్న క్షణాన అతడు మనిషిగా, తన మాట తాను చెప్పుకునే రాజకీయ వ్యక్తిగా నిలబడ్డాడు. ఆ ఉద్యమం సాధించిన అతిపెద్ద ఫలితం ఏదని అడిగితే నేను చట్టాన్ని చెప్పను, దీన్నే చెబుతాను.

చట్టం వచ్చింది. 2018 జూన్ 7న రిక్స్‌డాగ్ – స్వీడిష్ పార్లమెంటు – ఒక చట్టాన్ని ఆమోదించింది. సోషల్ డెమోక్రాట్లు, గ్రీన్స్, వామపక్ష పార్టీతో పాటు సెంటర్ పార్టీ ఓట్లు కలిస్తేనే అది నెగ్గింది. జూలై 1 నుంచి అమలైంది. దీనివల్ల సుమారు 9,000 మందికి ఉన్నతపాఠశాల చదువు పేరిట మళ్ళీ నివాసానుమతి కోరే అవకాశం వస్తుందని అంచనా. బిల్లును ముందుగా పరిశీలించే న్యాయనిపుణుల మండలి దాన్ని తీవ్రంగా విమర్శించింది. కొన్ని కోర్టులు అమలుచేయ నిరాకరించాయి. సెప్టెంబరు 25న వలస వ్యవహారాల ఉన్నత న్యాయస్థానం చట్టాన్ని నిలబెట్టింది. ఆ రోజు అనేక బడుల్లో ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఊపిరి పీల్చుకున్నారు.

కాని ఆ చట్టం లోపలికి వెళ్ళి చూద్దాం. 2015 నవంబరు 24కు ముందో, ఆ రోజో దరఖాస్తు పెట్టినవారికే ఇది వర్తించింది. కనీసం 15 నెలలు నిరీక్షించి ఉండవలసివచ్చేది. నిర్ణయం నాటికి పద్దెనిమిది నిండినట్టు లెక్కకు వచ్చి ఉండవలసివచ్చేది. నవంబరు 25న సరిహద్దు దాటిన తమ్ముడికి ఏమీ లేదు, 24న దాటిన అన్నకు ఉంది. ఇది హక్కు స్వభావం కాదు. హక్కు తేదీని అడగదు.

రెండవ షరతు మరింత లోతైనది. చదువు ముగిసిన ఆరు నెలల్లో శాశ్వతమైన ఉద్యోగమో, కనీసం రెండేళ్ళపాటు ఉండే ఉద్యోగమో సంపాదిస్తేనే దేశంలో ఉండనిచ్చేవారు. స్వీడిష్ యువకులకే మొదటి ఉద్యోగం తరచు తాత్కాలికంగా, గంటల లెక్కన దొరుకుతున్న కాలంలో ఈ షరతు పెట్టారు. దీని ఫలితం ఏమిటి? తత్వశాస్త్రమో జీవశాస్త్రమో చదవాలనుకున్న కుర్రవాణ్ణి అతణ్ణి ప్రేమించే ఉపాధ్యాయురాలే వృద్ధుల సేవాగృహపు పనికో, వంటపనికో, తాపీపనికో మళ్ళించవలసివచ్చింది. ఆ పనులు చిన్నవని నా ఉద్దేశం కాదు. ఎంపిక లేని చోట చదువు చదువుగా ఉండదని నా ఉద్దేశం. యజమాని సంతకం ఆశ్రయపు ముద్ర అయిపోయింది. అటువంటి పనివాడు ఓవర్‌టైం కూలి అడుగుతాడా? సంఘంలో చేరుతాడా? ఏ కుర్రవాడైతే ప్రాణభయంవల్ల ఆశ్రయం అడిగాడో, అతడు చివరకు పనికివచ్చే శ్రమగా మాత్రమే ఆమోదం పొందాడు. 2020లో కరోనా వచ్చి హోటళ్ళూ దుకాణాలూ మూతపడినప్పుడు ఆ షరతు ఎంత క్రూరమైనదో అందరికీ తెలిసివచ్చింది. ప్రభుత్వం 2021లో దాన్ని కొంత సడలించవలసివచ్చింది.

1939లో ‘వారు వస్తే మా ఉద్యోగాలు పోతాయి’ అన్నారు. 2018లో ‘ఉద్యోగం సంపాదిస్తేనే ఉండండి’ అన్నారు. రెండు మాటలూ వేరుగా కనిపిస్తాయి. కాని మనిషి విలువను కూలి మార్కెట్టుతో కొలవడంలో ఆ రెండూ ఒకటే. సమీకరించిన ప్రజాశక్తి ఆ కొలబద్దను ఒకవైపుకు తిప్పగలిగింది, విరిచివేయలేకపోయింది.

ఇక్కడ మరొక ఘటనను గుర్తుచేయాలి. 2018 జూలై 23న గోతెన్‌బర్గ్ విమానాశ్రయంలో ఎలిన్ ఎర్సోన్ అనే విద్యార్థిని విమానం ఎక్కి, కూర్చోవడానికి నిరాకరించింది. ప్రయాణీకుడు నిలబడి ఉంటే విమానం కదలదు. ఆ విమానంలో ఒక ఆఫ్ఘన్ యువకుణ్ణి పంపివేస్తున్నారని ఆమె నమ్మింది. అతడు ఆ విమానంలో లేడు. యాభై దాటిన మరో ఆఫ్ఘన్ ఉన్నాడు. అతణ్ణి దింపివేశారు. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది. 2019 ఫిబ్రవరిలో కోర్టు ఆమెకు 3,000 క్రోనర్ల జరిమానా వేసింది. ఆ పెద్దమనిషికి పూర్వం ఒక నేరంలో శిక్షపడిందని బయటికి వచ్చినప్పుడు ప్రత్యర్థులు పండగ చేసుకున్నారు. ఆమెను మెచ్చుకున్నవారిలో కొందరు తలదించుకున్నారు. ఎందుకు తలదించుకోవాలి? యుద్ధం జరిగే చోటికి మనిషిని పంపరాదనేది సూత్రమైతే, మంచి కుర్రవాడికీ మంచివాడు కాని పెద్దవాడికీ అది ఒక్కటే. నేరానికి శిక్ష విధించడానికి దేశంలో కోర్టులున్నాయి, జైళ్ళున్నాయి. కాని మన సానుభూతి లెక్కల్లో చురుకైన కుర్రవాడి ముఖంమీదే ఆధారపడి ఉంటే, ఆ ముఖం మారగానే సానుభూతి జారిపోతుంది. పరిచయంవల్ల పుట్టిన దయకు ఉన్న బలమూ ఇదే, బలహీనతా ఇదే.

2021 జూలై 16న స్వీడన్ ఆఫ్ఘనిస్తాన్‌కు బహిష్కరణలను నిలిపివేసింది. నెల తిరగకుండా, ఆగస్టు 15న, తాలిబాన్లు కాబూల్‌లో ప్రవేశించారు. కాబూల్‌లో వయోజనుడు ఎలాగో బతకగలడని ఏళ్ళతరబడి ఫైళ్ళలో రాసిన వాక్యానికి చరిత్ర ఇచ్చిన జవాబు అది. చౌకులో కూర్చున్న కుర్రవాళ్ళు చెప్పినదే నిజమని తేలింది. ఐతే అప్పటికే పంపివేయబడినవారికి ఆ నిజం ఏ విధంగానూ పనికిరాలేదు.

ఉపాధ్యాయులకు సంబంధించిన ఒక మాటతో ముగిస్తాను. 2022 ఎన్నికల తరువాత ఏర్పడిన మితవాద ప్రభుత్వం తీవ్ర జాతీయవాదుల మద్దతుతో ఒక ఒప్పందానికి వచ్చింది. అనుమతి లేకుండా దేశంలో ఉన్నవారి వివరాలను ప్రభుత్వోద్యోగులు పోలీసులకు తెలపాలని అందులో ఒక ప్రతిపాదన. ఉపాధ్యాయులు, వైద్యులు, గ్రంథాలయోద్యోగులు, వారి సంఘాలు దీన్ని బాహాటంగా వ్యతిరేకించాయి. మేం పిల్లల హాజరు వేస్తాం కాని వారిమీద చాడీలు చెప్పమని వారి భావం. 2024 నవంబరులో ప్రభుత్వం నియమించిన విచారణ సంఘమే నివేదిక ఇస్తూ, బడులనూ ఆసుపత్రులనూ ఆ బాధ్యత నుంచి తప్పించింది. ఈసారి ఉపాధ్యాయులు ఒక కుర్రవాడికోసం మినహాయింపు అడగలేదు. తరగతి గది తలుపుకే ఒక సూత్రాన్ని కాపలా పెట్టమన్నారు: బడిలో ఉన్న బిడ్డ ఎవరైనా బిడ్డే. ఒక ముఖం చూసి కలిగిన జాలి, ముఖం తెలియనివాడికి కూడా వర్తించే నియమంగా మారడానికి ఇది మొదటి మెట్టు.

దయను తీసిపారేయవలసిన పని లేదు. తలుపు తెరిచి గిన్నెడు అన్నం పెట్టిన ఇల్లాలు లేకుండా ఏ ఉద్యమమూ బతకదు. కాని దయకు గడువు ఉంటుంది; 2006 మార్చి 31తో ఒకసారి ముగిసింది, 2015 నవంబరు 24 దగ్గర మరోసారి ఆగిపోయింది. గడువులేనిది హక్కు ఒక్కటే. దాన్ని సాధించేది జాలిపడేవారు మాత్రమే కారు. జాలికి పాత్రులైనవారు లేచి నిలబడినప్పుడు వారి పక్కన నిలబడగలిగినవారు. ఉప్సాల సభలో 349 మంది ఓడిపోయారు. అక్కడ ఓటు వేసినవారిలో ఎవరిని తమ పూర్వీకులుగా ఎంచుకోవాలో తేల్చుకోవలసిన బాధ్యత ఏ దేశంలోనైనా విద్యార్థులదే, ఉపాధ్యాయులదే.